మా పోనీకి చిక్కం కట్టిన కథ

నిరుడు ఏప్రిల్ రెండో వారంలో ఓ పొద్దున పశువుల డాక్టరమ్మ మా పోనీ (పొట్టి జాతి గుర్రం) టాఫీ మెడ మీద చెయ్యేసి, జూలు మొదట్లో పేరుకున్న కొవ్వుని రెండు చేతులతో పట్టుకుని పక్కకి వంచి చూసింది. వంగలేదు. మెడ పొడవునా ఓ మినపరొట్టె ముక్కని నిలబెట్టినట్టు గట్టిగా ఉంది. "దీనికి 0 నుంచి 5 దాకా మార్కులుంటాయి. మీవాడికి 4 ఇస్తున్నాను. ఎక్కువ మార్కులొస్తే సంతోషించే పరీక్ష కాదిది" అంది.

మేముండేది ఇంగ్లండ్‌లో, ష్రూస్‌బరీకి దగ్గర్లో. మా ఆయన ఆస్పత్రి ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చాం. మా పాపకి ఎనిమిదో ఏట గుర్రాల పిచ్చి పట్టింది, పదకొండేళ్ళొచ్చినా దిగలేదు. కొనే ధైర్యం లేక లోన్ మీద తీసుకున్నాం. లోన్ అంటే బ్యాంకుది కాదు. యజమాని తన గుర్రాన్ని మనకి ఇస్తారు. మేత, డాక్టరు, గిట్టలు చెక్కించడం, పొలం అద్దె అన్నీ మనం పెట్టుకోవాలి. ఖర్చు మనది, గుర్రం వాళ్ళది. టాఫీ వెల్ష్ మౌంటెన్ పోనీ. తెల్లవాడు, 14 ఏళ్ళవాడు, 11 చేతుల 3 అంగుళాల ఎత్తు. ఇక్కడ గుర్రాల ఎత్తుని ఇంకా చేతుల్లోనే చెబుతారు, చెయ్యి అంటే 4 అంగుళాలు. ఫోన్లో అమ్మతో "పోనీ తీసుకున్నామమ్మా" అంటే, "పోనీ తీసుకుంటే తీసుకున్నారులే, ఏం తీసుకున్నారు?" అంది.

డాక్టరమ్మ తనతో తెచ్చిన తూనిక పలక మీద ఎక్కిస్తే 268 కిలోలు. 235 దగ్గర ఉండాల్సినవాడు. వారం తర్వాత మళ్ళీ వచ్చి, సిరంజితో నోట్లోకి మొక్కజొన్న సిరప్ పట్టించి, గంట ఆగి రక్తం తీసుకుంది. ఇన్సులిన్ బాగా ఎక్కువ వచ్చింది.

మా ఇంట్లో షుగర్ అన్న మాట కొత్త కాదు. అమ్మకుంది, అత్తయ్యకుంది, మా ఆయనకి బోర్డర్‌లో ఉంది. నాకన్నీ తెలుసులే అనుకున్నాను. కానీ పోనీల్లో సంగతి వేరట. రక్తంలో చక్కెర ఎంతుందన్నది కాదు ముఖ్యం. పచ్చగడ్డిలోని చక్కెరలకి ఇన్సులిన్ అతిగా ఎగదన్నుతుంది, ఆ ఇన్సులినే గిట్ట లోపలి పొరల్ని దెబ్బతీస్తుంది. గిట్ట గోడని లోపలి ఎముకకి పట్టి ఉంచేవి ఆ పొరలే. అవి సడలితే లామినైటిస్. ముదిరితే ఎముక మొన కిందికి తిరుగుతుంది, ఎముకే కిందికి కుంగుతుంది. నొప్పికి ముందుకాళ్ళు చాపి, బరువంతా మడమల మీద వేసి నిలబడిపోతుంది గుర్రం. గుర్రాల్ని ఉంచే మా యార్డ్‌లో ఒక ముసలి గుర్రం అలా నిలబడటం అంతకు ముందు ఏడాది చూశాను. ఒక్క అడుగు వెయ్యమంటే వణికిపోయింది. అందుకని డాక్టరమ్మ చెబుతున్నంతసేపూ నేను టాఫీ కాళ్ళకేసే చూస్తున్నాను.

దీనికి పాపం వాడేం చేశాడని! వాడి తాతముత్తాతలు వేల్స్ కొండల మీద ఎండు పోచలు ఏరుకుని తిని బతికినవాళ్ళు. చలికాలం చిక్కిపోయి, వసంతంలో మళ్ళీ కూడదీసుకునే ఒళ్ళు అది. మేం వాణ్ణి తెచ్చి పాడి ఆవుల కోసం రైగ్రాస్ అనే బలమైన గడ్డి చల్లిన పొలంలో వదిలి, చలికాలంలో రగ్గు కప్పి, రోజుకో క్యారెట్ పెట్టాం.

"రోజుకి రెండు మూడు గంటలే పొలంలో వదిలితే?" అనడిగాను. అది పని చెయ్యదంది. పోనీలు టైం పసిగడతాయట. వదిలిన 3 గంటల్లోనే రోజు మేతలో 40 శాతం దాకా లాగించేసినట్టు కొలిచి చూసినవాళ్ళున్నారట. అలాగని అసలు కడుపు మాడిస్తే, ఒంట్లో కొవ్వంతా ఒక్కసారి రక్తంలోకి దిగి ప్రాణం మీదికొస్తుంది. కట్టెయ్యకూడదు, వదిలెయ్యకూడదు. ఇంక మిగిలింది గ్రేజింగ్ మజిల్. మూతికి బుట్ట కట్టి పొలంలో వదలడం. అడుగున ఉన్న రంధ్రంలోంచి దూరినన్ని పోచలే నోటికందుతాయి. అలా కట్టిన పోనీలు కట్టనివాటికన్నా దాదాపు 80 శాతం తక్కువ తిన్నట్టు ఒక పరిశోధనలో తేలిందనీ, గడ్డిని బట్టి, బుట్టని బట్టి ఆ లెక్క మారుతుందనీ చెప్పింది. ఎంత బాగున్నా రోజుకి 10, 12 గంటలకు మించి ఉంచొద్దని గట్టిగా చెప్పి వెళ్ళింది.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. నాన్న దర్శి దగ్గర మా ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు ఎడ్లతో సేద్యం చేసిన మనిషి. మజిల్ అంటే ఏంటో తెలుగులో ఎలా చెప్పాలో తెలీక, "మూతికి వల లాంటిది నాన్నా, తినకుండా" అంటూ నానుస్తున్నాను. "చిక్కమే కదమ్మా" అన్నాడు. "కంది చేలో సాళ్ల మధ్య గుంటక తోలేటప్పుడు ఎడ్లకి కట్టేవాళ్ళం కాదూ, నువ్వు చిన్నప్పుడు చూశావుగా." చూశాను. పురికొసతో అల్లిన బుట్టలు, మా వసారా గుంజకి వేలాడేవి. మాట మాత్రం ఇరవై ఏళ్ళ నుంచి నోట్లో పలకలేదు. "చిక్కం పెడితే చిక్కక ఎక్కడికి పోతుంది" అని తన మాటకి తనే నవ్వుకున్నాడు.

తీరా చూస్తే అది పెట్టడమే పెద్ద పని.

మొదటిది యార్డ్‌లో ఒకావిడ దగ్గర అడిగి తెచ్చుకున్నాను. పట్టీలతో అల్లిన బకెట్, అడుగున రబ్బరు పలక, మధ్యలో ఒకే రంధ్రం. సైజు కాబ్, అంటే పోనీ కన్నా ఒక సైజు పెద్దది. వదులుగా ఉంటే సుఖంగానే ఉంటుందిలే అనుకున్నాను. ఎదిగే పిల్లలకి బట్టలు కొనే బుద్ధి ఎక్కడికి పోతుంది! గంట తర్వాత వెళ్ళి చూస్తే అది పక్కకి తిరిగిపోయి, ఒక పట్టీ కంటి కిందికి ఎక్కి ఉంది. పెదవులకీ అడుగుకీ మధ్య మూడంగుళాల ఖాళీ ఉండటంతో ఒక్క పోచా అందక, వాడు బుట్టని నేలకేసి బాదుతున్నాడు. బుగ్గ మీద రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు లేచిపోయాయి. చెప్పుల కన్నా కష్టం ఇది, చెప్పు కరిస్తే మనం చెప్పగలం.

రెండోది కొత్తగా కొన్నాను, గట్టి ప్లాస్టిక్ బుట్ట, అడుగున నిలువు చీలికలు. గాలి బాగా ఆడుతుంది, ఎండాకాలానికి మంచిదని అందరూ అన్నారు. మంచిదే, వేరే ముఖానికి. వెల్ష్ పోనీ ముఖం పైన వెడల్పు, కింద సన్నం. తల వంచగానే బుట్ట పైకి జారి, దాని అంచు సరిగ్గా దవడ ఎముక మీద కూర్చునేది. తల ఎత్తి ఉన్నప్పుడు చూసి భేష్ అనుకున్నది అక్కడే తప్పింది. గుర్రం రోజంతా తల వంచి మేస్తుంది. కాబట్టి కొలత చూడాల్సింది తల వంచినప్పుడు. నేల మీద ఒక క్యారెట్ ముక్క వేసి, వాడు వంగినప్పుడు నేనూ మోకాళ్ళ మీద కూర్చుని కింద నుంచి చూడటం అప్పుడు నేర్చుకున్నాను. పెద్దగా వాడలేదు కాబట్టి కొట్టువాళ్ళు దాన్ని వాపసు తీసుకున్నారు.

మూడోది ఈసారి టేపు పెట్టి కొలిచి తెప్పించాను. దవడ ఎముక కింద రెండు వేళ్ళు వదిలి, అక్కడ ముక్కు చుట్టుకొలత; అక్కడి నుంచి పెదవుల చివర దాకా పొడవు. మళ్ళీ రబ్బరు అడుగున్నదే, సైజు మాత్రం పోనీ. కట్టాక చూసుకున్నవి ఇవి: తల ఎత్తినప్పుడు పెదవులకీ రబ్బరుకీ మధ్య ఒక అంగుళం ఖాళీ, అంతకన్నా ఎక్కువైతే గడ్డి అందదు, తక్కువైతే పెదవులు రాసుకుంటాయి. ముక్కు పట్టీ కింద చుట్టూ ఎక్కడైనా నా రెండు వేళ్ళు సులువుగా దూరాలి. ముక్కుపుటాలకి ఏదీ తగలకూడదు. నోరు పూర్తిగా తెరవగలగాలి, అది తెలుసుకోడానికి వాడు ఆవలించే దాకా పావుగంట నిలబడ్డాను. ఆవలించాడు. తల మీది పట్టీలో ఒక చోట బలహీనమైన ముక్క ఉండాలి, ఎక్కడైనా కంచెకి తగులుకుని లాగితే అది తెగి గుర్రం బయటపడాలి. తెగని నైలాన్ పట్టీ మాత్రం కట్టొద్దు, ఎవరెన్ని చెప్పినా.

అలవాటు చెయ్యడం పాప పని. మొదటి రోజు బుట్టని గిన్నెలా చేత్తో పట్టుకుని అందులో ఎండుగడ్డి ముక్కలు వేసి తినిపించింది. రెండో రోజు కట్టి, రంధ్రంలోంచి వేలితో గడ్డిపోచలు అందించింది. వాడికి కిటుకు అర్థమయ్యే దాకా అలాగే. పావుగంట, అరగంట, గంట అని పెంచుకుంటూ పోయాం. పూర్తి రోజుకి చేరడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ వాడు నాకేసి చూసిన చూపులు చెప్పుకోకూడదు.

అప్పటికి నాన్న ఆరునెలల విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నాడు. చలికోటు, మంకీ క్యాపుతో పొలం గట్టున బకెట్ బోర్లించుకుని కూర్చునేవాడు. మే నెల ఎండ అది, ఇక్కడివాళ్ళు పొట్టి చేతుల చొక్కాలతో తిరుగుతున్నారు. మేం అందరం టాఫీని అప్పటికే మేసిన పొట్టి గడ్డిలో వదిలాం, తక్కువ గడ్డి ఉంటే ఇంకా మంచిదని. నాన్న ఓ గంటసేపు చూసి, "అమ్మాయ్, వీడు తింటున్నట్టు తల ఆడిస్తున్నాడు గానీ దవడ ఆడట్లేదు" అన్నాడు.

నిజమే. వేలి కణుపంత గడ్డి రబ్బరు దాటి లోపలికి రాదు. వాడు ఇన్నాళ్ళూ చిక్కం ఉన్నంతసేపూ పస్తే. ఆ రోజే పక్క మడిలోకి మార్చాను. అక్కడ గడ్డి మోకాలెత్తు. తిట్టుకుంటూ తింటాడులే అనుకున్నాను. అక్కడా అదే కథ: పొడుగు గడ్డి మీద బుట్ట ఆనగానే పోచలు ఒరిగి పడిపోతున్నాయి, రంధ్రంలోకి నిలువుగా రావట్లేదు. నాన్న లేచి వెళ్ళి నేల మీద నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి చూపించి "ఇంత ఉండి, నిలబడిన గడ్డి కావాలి వాడికి" అన్నాడు. డాక్టరమ్మని అడిగితే ఆవిడా దాదాపు అదే చెప్పింది, సెంటీమీటర్లలో. అద్దె పొలం ఓనర్‌ని బతిమాలి ఒక ముక్క కోయించి, నాలుగు వేళ్ళు, అయిదు వేళ్ళు పెరిగాక అందులోకి మార్చాం. ఆ రోజు నాన్న గడియారం పెట్టుకుని లెక్కేశాడు. మొదట్లో అయిదారు ప్రయత్నాలకి ఒక నములుడు. వారం గడిచేసరికి రెండు ప్రయత్నాలకి ఒకటి. చిక్కం కొలత గుర్రం ముఖంతో అయిపోతుందనుకున్నాను, గడ్డిని కూడా కొలవాలని నాకెవరూ చెప్పలేదు.

"మన ఎడ్ల చిక్కానికీ దీనికీ ఒకటే తేడా" అన్నాడు నాన్న ఆ సాయంత్రం. "అది అసలు తినకూడదని. అందుకే చాలు తిరగ్గానే, నీళ్ళ దగ్గరా తీసేసేవాళ్ళం. ఇది పొద్దున కట్టి సాయంత్రం దాకా ఉంచుతున్నారు. మరి నీళ్ళు తాగుతున్నాడా?"

నేను చూడలేదు. బుట్టకి నీళ్ళు దూరే ఖాళీలున్నాయి కాబట్టి తాగుతాడనే అనుకున్నాను. తొట్టి దగ్గర కాపలా కాశాం. తొట్టి సగమే నిండి ఉంది. వాడు మూతి లోపలికి పెట్టబోతే బుట్ట పక్క పట్టీ తొట్టి అంచుకి కొట్టుకుంటోంది. రెండుసార్లు ప్రయత్నించి వెనక్కి తిరిగాడు. అదే రోజు తొట్టిని అంచు దాకా నింపి, పక్కన ఇంకో వెడల్పాటి టబ్బు పెట్టాం. వాడు బుట్ట మొత్తం ముంచి, ముక్కుతో బుడగలు ఊది, అప్పుడు గుటకలు వేశాడు. గొంతులో గుటకలు దిగడం కంటికి కనపడుతుంది, గుర్రానికి. ఎనిమిది గుటకలు లెక్కపెట్టింది పాప. నీళ్ళు తగ్గి కడుపులో మేత గట్టిపడితే కోలిక్ అనే కడుపునొప్పి వస్తుంది, గుర్రానికి అంతకన్నా టెన్షన్ పెట్టే జబ్బు లేదు.

జూన్‌లో వాడు చిక్కం తీసెయ్యడం నేర్చుకున్నాడు. కంచె గుంజకి చెవుల వెనక రుద్ది రుద్ది పట్టీని ముందుకి జార్చేవాడు. మధ్యాహ్నం వెళ్ళేసరికి చిక్కం తుప్ప పక్కన, వాడు కంచె మూలన పీకల దాకా మేసి. పట్టీ బిగిద్దామంటే పుండు పడుతుంది. పరిష్కారం పాపే చూపింది. నుదుటి మీద పడే జూలుకి తలపట్టీ మీదుగా జడ వేసి, చివర చిన్న రబ్బరు బ్యాండు. గట్టిగా లాగితే బ్యాండు తెగుతుంది కాబట్టి ప్రమాదం లేదు, ఊరికే రుద్దితే జారదు. రోజూ పొద్దున స్కూలుకి వెళ్ళేముందు ముందు వాడికి జడ, తర్వాత తనకి జడ. తనది చాలాసార్లు కార్లోనే.

అంతకు ముందు వాడితో ఒక పెద్ద కాబ్ గుర్రం ఉండేది. వాడి మూతి కట్టేసి ఉందని దానికి తెలిసిపోయింది. తిరిగి కొరకలేడని ధైర్యం, తొట్టి దగ్గరికి రానిచ్చేది కాదు. అందుకని చిక్కం కట్టే ఇంకో పొట్టి షెట్లాండ్ ఆడపోనీతో కలిపి ఒక మడిలో పెట్టాం. రెండు చిక్కాలూ ఒకదానికొకటి తగిలించుకుని ఏదో రహస్యం మాట్లాడుకుంటున్నట్టు నిలబడేవి.

పొలం పక్కనుంచి కాలిబాట ఉంది, ఎవరైనా నడవొచ్చు. ఒకాయన గేటు దగ్గర ఆగి, నోరు కట్టడం క్రూరత్వం కాదా అని నన్ను నిలదీశాడు. కోపం రాలేదు, ఏప్రిల్‌లో నేనూ అదే అనుకున్నాను. మర్నాడు పాప ఒక అట్ట మీద రాసి గేటుకి కట్టింది: "నేను డైట్‌లో ఉన్నాను. నీళ్ళు తాగగలను, గడ్డి తినగలను. దయచేసి విప్పకండి. క్యారెట్లు అసలే వద్దు." చివరి వాక్యం టాఫీ ఒప్పుకుని ఉండడు.

పుళ్ళ సంగతి. పట్టీలు తాకే చోటల్లా గొర్రె ఉన్ని లాంటి గుడ్డ చుట్టాను. అది తడిసి మట్టి పడితే ఉప్పుకాగితం కన్నా అన్యాయం, కాబట్టి రెండు జతలు పెట్టుకుని రోజూ ఉతకడమే. రోజూ విప్పగానే గడ్డం కింద, పెదవుల మూలన, చెవుల వెనక వేళ్ళతో తడిమి చూస్తాను. వాడి ముక్కు గులాబీ రంగు, ఎండకి కమిలిపోతుంది, అందుకని సన్‌క్రీమ్ కూడా. నాకు లేని సోకులన్నీ వాడికున్నాయి. ఏడాదికోసారి పళ్ళ డాక్టరు చూసేటప్పుడు ముందు పళ్ళు రబ్బరుకి అరుగుతున్నాయేమో చూడమంటున్నాను. ఇప్పటిదాకా లేదు.

సాయంత్రం అయిదింటికి చిక్కం తీసి, గడ్డి లేని చిన్న ఆవరణలోకి మార్చి, రాత్రికి 3 కిలోల ఎండుగడ్డి తూచి పెట్టేవాళ్ళం. తూచాక నీళ్ళలో నానబెడతాం, చక్కెర కొంత కరిగిపోతుంది. ఆ నీళ్ళు టీ రంగులోకి మారి తియ్యటి పులుపు వాసన కొడతాయి. నాన్న అవి పారబొయ్యనిచ్చేవాడు కాదు, మా పెరట్లో గోంగూర మడికి మోసుకెళ్ళేవాడు.

జులై చివరికి 251 కిలోలు. మెడ మీది దిమ్మె కొంచెం పక్కకి ఊగడం మొదలైంది. ఆగస్టులో మాత్రం మూడు వారాలు అక్కడే ఆగిపోయింది. నేను మేత తగ్గించాను, పాప నడక పెంచింది, ముల్లు కదలదు. ఒక సాయంత్రం చిక్కం కడుగుతూ ఉంటే అడుగున రంధ్రంలోకి నా వేళ్ళు రెండు పోయాయి. కొన్నప్పుడు బొటనవేలు మాత్రమే పట్టేది. వాడు నాలుగు నెలలు దాన్ని నేలకేసి నూరి, పళ్ళతో చీలదీసి, తనకి కావాల్సిన సైజు చేసుకున్నాడు. నాన్నకి చూపిస్తే, "మన ఎడ్లకి ఈ తెలివి లేదమ్మా" అని మెచ్చుకోలుగా తల ఊపాడు. అదే సైజు కొత్తది తెప్పించాను. అక్టోబరు కల్లా 240. రెండోసారి చేసిన రక్తపరీక్షలో ఇన్సులిన్ దిగింది, మామూలు కన్నా ఇంకా ఎక్కువే గానీ.

నవంబరులో నాన్న ఊరికి వెళ్తూ ఆ పాత చిక్కాన్ని సూట్‌కేసులో పెట్టుకున్నాడు. గుర్రం వాసన కొడుతుంది, వద్దంటే వినలేదు. పదిరోజుల తర్వాత వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. మా ఇంట్లో కొత్తగా పుట్టిన గేదె దూడ మట్టి తింటోందట. చిరిగిన రంధ్రాన్ని పురికొసతో కుట్టేసి, దాని మూతికి కట్టాడు. బుట్ట కొంచెం వదులే. ఫోన్ చేసి, నేను అడక్కుండానే, "రెండు వేళ్ళు పడుతున్నాయి, తల వంచినప్పుడే చూశాను" అన్నాడు.